దొరగారు రాలేదని రాసిన వారం

పత్రికల్లో చేరదామని ఉబలాటపడే కుర్రవాళ్ళు ఈ మధ్య మా ఇంటికి తరచు వస్తున్నారు. వచ్చిన ప్రతివాడూ మొదట అడిగేది, నేను ఎన్ని దేశాలు తిరిగానని. నేను తిరిగిన దేశాలు బందరు, గుడివాడ, దివిసీమ. గుడివాడ పుట్టిన దేశం, బందరు ఉద్యోగం చేసిన దేశం. దివిసీమకి పోవాలంటే ఏరు దాటాలి కాబట్టి అది విదేశయానం కిందే లెక్క.

కళ్ళు మొరాయించడం వల్ల యాభై దాటిన కొత్తలోనే కుర్చీ దిగాను. అచ్చుతప్పులు వెతికీ వెతికీ నా కళ్ళు ఎంత అరిగిపోయాయంటే, ఇప్పుడు మా ఆవిడ ఎదురుగా నిలబడితే పైన హెడ్డింగు మాత్రమే ఆనుతోంది. కింది విషయమంతా చెవులతో తెలుసుకోవలసి వస్తోంది. అందులో ఆవిడ ఏ లోటూ చెయ్యడం లేదు.

ఇప్పుడు వార్తలకి కరువు లేదు. పొద్దున్నే బస్సు కప్పు మీంచి దినపత్రికల కట్టలు దబ్బున పడుతున్నాయి. కాఫీ హోటల్లో రేడియో పెట్టె ఢిల్లీ సంగతులు ఢిల్లీ వాళ్ళకంటే ముందు బందరుకి చెబుతోంది. ఇంత వేగంలో పనిలో దిగబోయే మీకు నా జీతం ఎప్పుడు పెరిగిందీ, పెరగనప్పుడు ఎందుకు పెరగలేదూ అన్న పురాణం ఎందుకు? ఒక్క సంగతి చెబుతాను. ఈ వృత్తి ఏమిటో నాకు అర్థమయింది అప్పుడే. నేను విషయాన్ని కాస్త పెంచి చెబుతానని ఊళ్ళో ఒక నింద ఉంది. అది అన్యాయం. నేను చాలా పెంచి చెబుతాను. కానీ ఈ సంగతిలో పెంచింది నేను కాదు.

కత్తెర, జిగురు, నిఘంటువు

మాది వారపత్రిక. శనివారం వెలువడేది. మా అచ్చుయంత్రం తిరగడం మొదలెడితే వీధిలో ఆవులు ఈనేవని, బందరు నుంచి సముద్రం అంత దూరం జరిగిపోవడానికి కారణం ఆ మోతేనని ఊళ్ళో చెప్పుకునేవారు. నా కుర్చీకి ఒక కాలు లేదు. ఆ కాలి స్థానంలో ఇంగ్లీషు నిఘంటువు ఉండేది. కఠినమైన మాట ఏదైనా వస్తే నేను కుర్చీ దిగి, కాలు ఊడదీసి, అర్థం చూసి, మళ్ళీ కాలు తగిలించుకుని కూర్చోవాలి. అందుకని చాలా మాటలకి అర్థం నేనే ఊహించేవాణ్ణి.

మద్రాసు ఇంగ్లీషు పత్రికలు రైల్లో గుడివాడ మీదుగా బందరు చేరేవి. నేను వాటిని కత్తిరించి, తెలుగు చేసి, జిగురుతో అతికించి అచ్చుకిచ్చేవాణ్ణి. ఆ రోజుల్లో వార్త తయారు కావడమంటే ఇదే. బొంబాయిలోనో కలకత్తాలోనో ఒకడు తన భాషలో ఒక మాట అంటే, దాన్ని ఇంకొకడు ఇంగ్లీషులో పెట్టి తంతి కొట్టేవాడు. మద్రాసులో మరొకడు దాన్ని సాగదీసేవాడు, బందరులో నేను తెలుగు కట్టేవాణ్ణి. మజిలీ మజిలీకీ ఎవరో ఒకరు ఆ వార్త జేబులోంచి ఏదో తీసుకోవడమో, ఏదో పెట్టడమో జరిగేది. నేను పెట్టే రకం. చిలకలపూడి కంసాలులు రాగి మీద బంగారు పూత వేసినట్టు, నేను ప్రతి వార్త మీదా కాస్త మెరుపు అద్దేవాణ్ణి.

బందరులో ఒక వీధి ఈ చివర నుంచి ఆ చివరికి నడిస్తే ఉర్దూ, అరవం, గుజరాతీ, మరాఠీ అన్నీ చెవిన పడేవి. మా పత్రిక మాత్రం తెలుగులో ఉండేది. ఆ తెలుగు ఆ వీధిలో ఎవ్వరూ మాట్లాడేది కాదు.

పంతులు గారి నిజం

మా సంపాదకులూ, యజమానీ వేంకటప్పయ్య పంతులు గారే. పూర్వాశ్రమంలో హైస్కూలు హెడ్మాస్టరు. ఆయన సత్యసంధత ఎంతటిదంటే, పంచాంగంలో అమావాస్య అని ఉన్నా సరే, డాబా ఎక్కి చంద్రుడు లేడని చూసి వస్తే గాని పత్రికలో వేయనిచ్చేవారు కాదు. కంటితో చూడని సంగతి ఏదైనా సరే, చివర "అని తెలియుచున్నది" అని తగిలించాలి. మా ఆఫీసులో ఎవరూ ఏదీ కంటితో చూసేవాళ్ళు కాదు గనక, పత్రిక నిండా తెలియుచున్నవే. సూర్యోదయం కూడా తెలియుచున్నదే.

ఆయన్ని నేను ఎంత గౌరవిస్తానో అంత నిర్మొహమాటంగానూ చెబుతున్నాను. నిజం కోసం అంతగా తపించే మనిషి, దాన్ని వెతకడానికి ఒక్క మనిషిని ఒక్కసారి కూడా గడప దాటి పంపలేదు. నిజం టపాలో రావాలి. స్టాంపు అంటించుకుని రావాలి.

మొగలితిప్పలో చదువు

మా పత్రిక దివిసీమలోని ఊళ్ళకి టపా సంచిలో చల్లపల్లి దాకా వెళ్ళి, ఏరు దాటి, ఆ పైన కాలువ పడవల్లో చేరేది. సముద్రపు గాలి మొహాన కొట్టేటంత దూరంలో మొగలితిప్ప అని ఒక ఊరుంది. ఆ ఊరికి వెళ్ళేది ఒకే ఒక్క ప్రతి. ఊరంతటికీ ఒక్క చందాదారుడేనని మేము చిన్నచూపు చూసేవాళ్ళం. మంగళవారం పొద్దువాలే వేళకి ఆ ఒక్క ప్రతి చుట్టూ ఊరు ఊరంతా చేరుతుందని మాకు తెలియదు.

చదివేవాడు చలమయ్య. వయసులో ఉండగా బందరు నాటకాల్లో రాజుల వేషాలు కట్టి, గొంతు బొంగురుపోయాక ఊరు చేరాడు. పద్యం పోయింది గాని దర్జా పోలేదు. భుజాన జరీ కండువా వేసుకుని చావడి అరుగు ఎక్కేవాడు. పత్రిక విప్పేవాడు, దగ్గేవాడు. ఆ దగ్గుకి పిల్లల ఏడుపులూ కుక్కల అరుపులూ ఆగిపోయేవి. ఎక్కడో యుద్ధమని రెండు ముక్కలు మేము వేస్తే, చలమయ్య అందులో ఫిరంగులు పేల్చి, గుర్రాలు పడగొట్టి, ఓడిన సేనాపతి చేత తల్లిని తలుచుకుని కన్నీరు పెట్టించేవాడు. బంగారం ధర తగ్గిందని వేస్తే, లండన్లో రాణిగారు నగలు తీసి పెట్టెలో పెట్టుకోవడం దాకా తీసుకెళ్ళేవాడు. పత్రిక ఇంకొకరి చేతికి ఇచ్చేవాడు కాదు. ఇచ్చినా చదవగలిగినవాళ్ళు అక్కడ లేరు.

ఒక ఏడు, శివరాత్రి వెళ్ళిన కొత్తలో, మద్రాసు పత్రికలో ఒక మూల ఒక ముక్క కనబడింది. డెల్టా చివర ఊళ్ళ మురుగు కాలువల సంగతి పరిశీలనలో ఉందని దాని సారాంశం. ప్రభుత్వం వారు ఏదైనా పరిశీలనలో ఉందంటే, అది ఏ బీరువాలో ఉందో వారికే తెలియదని అర్థం. కానీ ఆ వారం నాకు పేజీ నిండలేదు. కాబట్టి కాస్త పూత వేసి, "దివిసీమ మురుగు కాలువల దుస్థితి త్వరలో దొరవారి దృష్టికి రానున్నదని తెలియుచున్నది" అని రాశాను. దొరవారు అంటే బందరులో ఉండే జిల్లా కలెక్టరు.

ఇది మంగళవారం మొగలితిప్ప చేరింది. చలమయ్య దగ్గాడు. దృష్టికి రావడమంటే చూడ్డమే గదా, చూడాలంటే రావాలి గదా అనుకున్నాడో ఏమో, దొరగారు వస్తున్నారని చదివాడు. జనం కదిలారు. ఎప్పుడని ఎవరో అడిగారు. నాటకాల్లో నిలబడ్డ మనిషి, అడిగితే తడుముకుంటాడా? గురువారమని చదివాడు. ఎలా వస్తారన్నారు. పడవలో అన్నాడు. అంతటితో ఆగినా బావుండేది. దొరసాని గారు కూడా వస్తున్నారనీ, ఆవిడ గులాబీరంగు గౌనులో ఉంటారనీ చదివి, పత్రిక మడిచి, అరుగు దిగాడు.

వెంకమ్మ గారు బందరు రావడం

శుక్రవారం సాయంత్రం మేము ఆఖరి పేజీ సర్దుతున్నాము. వాకిట్లో బండి ఆగింది. అందులోంచి ఒక పెద్దావిడ దిగింది. మనిషి పిడికెడు, గొంతు మాత్రం లాకుల మీంచి దూకే కాలువ. మొగలితిప్పలో ఊరి చివర పొలం ఉన్న వెంకమ్మ గారు. భర్త పోయిన నాటి నుంచి సేద్యం ఆవిడే చేయిస్తోంది. తెల్లవారకముందు పడవెక్కి, ఏరు దాటి, చల్లపల్లిలో బండి కట్టించుకుని వచ్చింది.

"ఈ పేపరు రాసేది ఎవరండీ?" అంది.

పత్రిక తమదేనని, కూర్చోమని పంతులు గారు మర్యాదగా చెప్పారు.

"కూర్చోడానికి రాలేదండీ. గురువారం మీ కలెక్టరు గారు వస్తారని ఊరంతా తోరణాలు కట్టాం. మేళం పెట్టాం. పొద్దు గూకేదాకా రేవులో నిలబడ్డాం. ఆ సన్నాయి వాడు ఊదీ ఊదీ ఆఖరికి గాలి తప్ప రాగం రాలేదు. ఏడండీ ఆయన?"

పంతులు గారు నా వైపు చూశారు. ఆ చూపుకి నా కుర్చీ కింద నిఘంటువు కదిలింది. నేను కిందటి వారం పత్రిక తెచ్చి, ఆ ముక్క ఆవిడకి చదివి వినిపించాను. ఆవిడ మళ్ళీ చదవమంది. చదివాను.

"గురువారం ఏది బాబూ ఇందులో?"

"లేదమ్మా."

"దొరసాని?"

"దొరసాని కూడానా?"

"గులాబీ గౌను కూడాను," అంది.

అప్పుడు ఆవిడే కుర్చీ లాక్కుని కూర్చుంది. తరవాత చెప్పిన సంగతిలో నవ్వడానికి ఏమీ లేదు. వాళ్ళ ఊరి మురుగు కాలువ ఉప్పుటేరులో కలిసే చోట ఒక తూము ఉంది. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు ఉప్పునీరు ఎదురెక్కకుండా దానికి ఒక పెద్ద చెక్క తలుపు. ఆ తలుపు కొట్టుకుపోయింది. అప్పటి నుంచి ప్రతి పోటుకీ ఉప్పునీళ్ళు పొలాల్లోకి ఎక్కుతున్నాయి. కిందటి తొలకరికి పోసిన నారు పచ్చగా లేచి, మొలక ముచ్చట తీరకుండానే ఎర్రబడి చచ్చింది. అప్పు చేసి మళ్ళీ విత్తనం తెచ్చి పోస్తే అదీ చచ్చింది. అర్జీలు పెట్టారు. ఒక అర్జీకీ జవాబు రాలేదు.

"వేసంగిలో కాలువలకి నీళ్ళు కట్టేసినప్పుడే ఆ పని చెయ్యాలండీ. అది దాటితే తొలకరే. ఈ ఏడు కూడా నారు పోతే మేం ఊరొదిలి కూలికి పోవడమే. అందుకే అంత ఆశ పడ్డాం," అంది.

పంతులు గారి కళ్ళజోడు మసకబారింది. తుడుచుకుని, జరిగిన పొరపాటుకి సవరణ వేస్తానన్నారు. దొరవారు వస్తారని పత్రిక ఎన్నడూ ప్రకటించలేదనీ, చదివినవారు కల్పించి చదివారనీ రేపే వేస్తానన్నారు.

"అట్టా వెయ్యకండి," అంది వెంకమ్మ గారు. "ఇప్పటికే పక్కూరోళ్ళు పడవలో పోతా, మీ కలెక్టరు గారు భోంచేశారా అని అడుగుతున్నారు. మీరది వేస్తే చలమయ్య ఊళ్ళో తలెత్తుకోలేడు. ఆ సచ్చినోడు నాలుగు అబద్ధాలు చెప్పినా, లోకం సంగతి మాకు చెప్పేవాడు వాడొక్కడే."

రాలేదని రాయడం

చెప్పానుగా, పెంచడంలో నేను పండితుణ్ణి. ఆ సాయంత్రం మాత్రం నాకు ఏమీ పెంచబుద్ధి కాలేదు. జరిగినది జరిగినట్టు వేద్దామండీ అన్నాను. కాగితం తీసి రాసి ఇచ్చాను: "మొన్న గురువారమునాడు మొగలితిప్ప గ్రామస్థులు తోరణములు కట్టి, మేళము పెట్టి, తమ యూరి తూము తలుపు సంగతి విన్నవించుకొనుటకై దొరవారి కొరకు రేవులో సూర్యాస్తమయము వరకు నిలిచియుండిరి. దొరవారు రాలేదు."

పంతులు గారు దాన్ని తిరగేసి బోర్లేసి చదివారు. దీపం దగ్గర పెట్టి చదివారు, దూరంగా పట్టుకుని చదివారు.

"ఇందులో అబద్ధం ఎక్కడుందోయ్?"

"ఎక్కడా లేదండి."

"మరి నాకు భయమెందుకు వేస్తోంది?"

ఆయన వెంకమ్మ గారిని ఎదురుగా కూర్చోబెట్టి, కోర్టులో సాక్షిని విచారించినట్టు విచారించారు. తోరణాలు మామిడాకులవేనా, మేళంలో డోలు ఉందా, సూర్యుడు పూర్తిగా అస్తమించాడా అని అడిగారు. ఆవిడ ఓపిగ్గా అన్నింటికీ అవునంది. అప్పుడాయన ఒక పని చేశారు. నేను అలవాటు కొద్దీ చివర "అని తెలియుచున్నది" అని తగిలించబోతే నా చెయ్యి పట్టుకున్నారు. చూసిన మనిషి కళ్ళెదుట కూర్చుని ఉండగా ఆ మాట ఎందుకన్నారు. మా పత్రికలో తెలియుచున్నది లేకుండా అచ్చయిన మొదటి వార్త అదే. ఆ చివర అంత బోసిగా ఉంటే నాకు చొక్కా లేకుండా వీధిలోకి వెళ్ళినట్టనిపించింది.

మద్రాసు చుట్టూ తిరిగి

దేశభాషల పత్రికలన్నీ చదివి, వాటిలో ప్రభుత్వం మీద ఎవరెవరు ఏమేమి గొణుగుతున్నారో ఇంగ్లీషులో పెట్టి పైవారికి అందజేయడానికి ఆ రోజుల్లో మద్రాసులో తర్జుమా ఉద్యోగులు ఉండేవారు. తెలుగుకి ఒకరు, అరవానికి ఒకరు, ఉర్దూకి ఒకరు. మా పత్రికని మా కంటే శ్రద్ధగా చదివినవారు వారే. మేము తెలుగు చేసిన ఇంగ్లీషుని వారు మళ్ళీ ఇంగ్లీషు చేస్తే, అది కన్నతల్లే గుర్తుపట్టలేని స్థితిలో పుట్టింటికి చేరేది.

మొగలితిప్ప వార్త కూడా ఆ దారిన పోయింది. ఆ తర్జుమా చేసినాయన తొందరలో ఉన్నారేమో, తోరణాలూ మేళమూ డోలూ అన్నీ వదిలేసి, ఎదురుచూస్తున్న ప్రజల వద్దకు కలెక్టరు వెళ్ళలేదని మాత్రం రాశారట. పైవారు అది చూసి, ఎందుకు వెళ్ళలేదని కలెక్టరు గారికి ఒక చీటీ పంపారు. ఇంత వరకూ నేను తరవాత తరవాత విన్నది. పంతులు గారి పద్ధతిలో, తెలియుచున్నది.

ఆ తరవాతది మాత్రం కళ్ళారా చూశాను. ఉగాది ఇంకా రాలేదు. ఒక మధ్యాహ్నం కలెక్టరు కచేరీలో పెద్ద గుమాస్తా, షిరస్తాదారు గారు మా ఆఫీసుకి నడిచి వచ్చారు. ఆయన తలపాగా ఎంత పెద్దదంటే, ఆయన గడప దగ్గర వంగి లోపలికి వచ్చిన కాసేపటికి గాని తలపాగా పూర్తిగా లోపలికి రాలేదు.

"పంతులు గారూ, దొరగారు మొగలితిప్ప వస్తామని ఎప్పుడన్నారండీ?"

"అన్నారని మేము రాయలేదే."

"రాలేదని రాశారు గదండీ."

"వచ్చారా?"

"రాలేదు."

"అదే రాశాం."

షిరస్తాదారు గారు కండువాతో మెడ తుడుచుకున్నారు. పాపం, ఆయన చెడ్డవాడు కాడు. నా అనుభవంలో కచేరీల్లో చెడ్డవాళ్ళు తక్కువ, భయపడేవాళ్ళు ఎక్కువ. ఆయన కష్టం ఆయనే చెప్పుకున్నారు. దొరగారిని అడిగితే, అన్నానో లేదో గుర్తు లేదన్నారట. దొరలు గుర్రం మీద పోతూ, పడవలో పోతూ, టీ తాగుతూ ఎన్నో మాటలంటారు, అన్నీ రాసి పెట్టుకోరు. వస్తామని అనలేదని పైకి రాయాలంటే, అనలేదనడానికి ఋజువు చూపాలి. అనని మాటకి ఋజువు ఏ బీరువాలో దొరుకుతుంది? అన్నారని ఒప్పుకుంటే, ఎందుకు వెళ్ళలేదన్నది ప్రశ్న. అంచేత కచేరీ అంతా తలలు పట్టుకుని ఆలోచించి, ప్రయాణం అనివార్య కారణాల వల్ల వాయిదా పడిందనీ, ఉగాది వెళ్ళాక, కాలువలు కట్టేసే లోపల తప్పక జరుగుతుందనీ పైకి రాసేశారు.

నేను నిఘంటువు పట్టుకుని కదలకుండా కూర్చున్నాను. చలమయ్య అరుగు మీద కల్పించిన ప్రయాణం, చేతులు మారి, భాష మార్చుకుని, మద్రాసు వెళ్ళి ముద్ర వేయించుకుని, నిజమై బందరుకి తిరిగి వచ్చింది.

చెంబు నీళ్ళు

"వెళ్ళి చూసి రావోయ్," అన్నారు పంతులు గారు. "దొరగారు వచ్చారని రాయాలంటే వచ్చినట్టు ఎవరో ఒకరం చూడాలి గదా."

అంత చిన్న మాటతో మా పత్రిక చరిత్రలో మొదటిసారి ఒక మనిషి వార్త కోసం గడప దాటాడు. ఆ ప్రయాణంలో నన్ను కుట్టిన దోమల్లో ఒక్కొక్కటీ పిచ్చుకంత. వాటి భారానికి పడవ ఒక పక్కకి ఒరిగితే పడవ సరంగు నన్ను రెండో పక్కకి జరగమన్నాడు.

మొగలితిప్పలో మళ్ళీ తోరణాలు, మళ్ళీ మేళం. చలమయ్య జరీ కండువాలో ఉన్నాడు గాని, జనం వెనక్కి పోయి నిలబడ్డాడు. తను కల్పించింది తనకెదురు రావడం ఏ నాటకంలోనూ చూడలేదు పాపం. దొరగారి పడవ రేవులో ఆగింది. దొరగారు దిగారు, షిరస్తాదారు గారు దిగారు, బిళ్ళ బంట్రోతులు దిగారు. ఆడవాళ్ళందరూ పడవలోకి తొంగిచూస్తున్నారు. గులాబీ గౌను ఏదని ఎవరో చలమయ్యని నిలదీశారు. రెప్పపాటు ఆలస్యం లేకుండా, "దొరసాని గారికి జలుబు" అన్నాడు.

ఉపన్యాసాలు జరిగాయి. చలమయ్య దొరగారిని దేవేంద్రుడితో పోల్చాడు. షిరస్తాదారు గారు దాన్ని ఒక్క ముక్కలో ఇంగ్లీషు చేశారు. రైతులు తూము సంగతి చెప్పారు. అదీ ఒక్క ముక్కలోనే వెళ్ళింది. దొరగారు చిరునవ్వుతో తల ఊపారు. నాకు కొద్దో గొప్పో ఇంగ్లీషు వచ్చు గనక వినబడింది. ప్రజలు సంతోషంగా ఉన్నారనీ, కాలువల గురించి ప్రభువుల దయ కోరుతున్నారనీ షిరస్తాదారు గారు చెబుతున్నారు. అబద్ధమని అనలేను. నేనూ ఏళ్ళ తరబడి చేసినది ఆ పనే.

దొరగారు వాచీ చూసుకున్నారు. పడవ వైపు అడుగు వేశారు. అప్పుడు వెంకమ్మ గారు తళతళలాడే ఇత్తడి చెంబు పట్టుకుని దారికి అడ్డం వచ్చింది.

"ఎండన పడి వచ్చారు. దాహం వేసి ఉంటుంది."

ఇది తర్జుమా అక్కర్లేని సంగతి గనక దొరగారు టోపీ తీసి, చెంబు అందుకుని, గుక్కెడు తాగారు. ఆయన ముఖం ముందు ఎర్రబడింది, తరవాత తెల్లబడింది, తరవాత ఇంగ్లీషు వాళ్ళ ముఖాలకి కూడా అంతవరకు తెలియని ఒక రంగుకి తిరిగింది. గుక్కెడూ కండువాలో ఉమ్మారు. కండువా షిరస్తాదారు గారిది.

"ఏమిటమ్మా ఇది?" అన్నారు షిరస్తాదారు గారు.

"మా మడి పక్క బోదెలో నీళ్ళండీ. కిందటేడు మా నారు తాగినవి ఇవే. అది చచ్చిపోయింది. మీరు చల్లగా ఉండాలి."

ఆవిడేమంటోందని దొరగారు అడిగారు. షిరస్తాదారు గారు ఊరి వైపు చూశారు, చెంబు వైపు చూశారు, తడిసిన తన కండువా వైపు చూశారు. ఆ రోజంతటిలో మొదటిసారి, ఒక్క మాట కలపకుండా, ఒక్క మాట తీయకుండా, ఆవిడ అన్నది అన్నట్టు చెప్పారు. "మీరు చల్లగా ఉండాలి" కూడా వదల్లేదు.

దొరగారు పడవ ఎక్కలేదు. ఎండలో గట్టు మీద తూము దాకా నడిచారు. పోటు వేళ. తలుపు లేని తూములోంచి ఉప్పునీరు చావడికి చేరే జనంలా నింపాదిగా లోపలికి వస్తోంది. ఆయన చేతికర్ర ఆ నీళ్ళలో పెట్టి, అది పొలాల వైపు వాలడం చూస్తూ చాలాసేపు నిలబడ్డారు.

వేసంగిలో కాలువలు కట్టేశారు. వడ్రంగులు టేకు దుంగలతో వచ్చారు. తొలకరికి ముందు కొత్త తలుపు ఎక్కింది. ఆ ఏడు మొగలితిప్పలో నారు ఎంత పచ్చగా లేచిందంటే, దాని మీంచి ఎగిరిన కొంగలు చిలకలై దిగాయి.

మా ఊరికీ రాలేదండి

కథ ఇంతేనని కొన్నాళ్ళు అనుకున్నాను. కానీ దివిసీమ ఊరుకోలేదు. ఒక రోజు ఒక ఊరి పెద్దలు ఇద్దరు మా ఆఫీసుకి వచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఏం కావాలన్నారు పంతులు గారు.

"మా ఊరికీ దొరగారు రాలేదండి. రాయండి."

ఆ తరవాత ఇంకో ఊరు, ఇంకో ఊరు. కృత్తివెన్ను వైపు నుంచి సముద్రం మీద వేటకి పోయే పల్లెకారులు వచ్చారు. వానాకాలం చేపల గంపలు నెత్తిన పెట్టుకుని మెడలోతు నీళ్ళలో ఈదుతూ సంతకి పోతున్నామని, వాళ్ళ ఊరి బాటకి ఇంతవరకూ ఎవరూ రాలేదని రాయమన్నారు. గుడివాడ దగ్గర నుంచి మా బంధువే ఒకాయన వచ్చి, "ఏం బావా, మా ఊరికి రాకపోతే నీకు వార్త కాదా?" అని దెప్పాడు. దొరగారు రాని ఊళ్ళు జిల్లాలో అన్ని ఉన్నాయని అంతవరకూ మాకు తెలియదు.

పంతులు గారు ఒప్పుకున్నారు గాని, ఆయన షరతు ఆయనది.

"రాలేదని వాళ్ళు చెబితే చాలదోయ్. నువ్వెళ్ళి, రాలేదని చూసి రా."

అలా నా ఉద్యోగం మారిపోయింది. రాని మనిషిని చూడ్డానికి పడవలెక్కి ఊళ్ళు తిరగడం మొదలెట్టాను. రాని మనిషిని చూడాలంటే ఊరంతా వెతకాలి గదా. అలా వెతికితే బడికి కప్పు లేకపోవడం కనబడింది, నూతికి గిలక లేకపోవడం కనబడింది, వంతెన మీద పలక మధ్యలో మాయమై దాని అవతల పిల్లలు బడికి రాలేక కూర్చోవడం కనబడింది. ఇవన్నీ కళ్ళారా చూసి రాసేసరికి, పూత వేయడానికి నాకు జాగా మిగిలేది కాదు. కుర్రవాళ్ళకి నేను చెప్పదలచుకున్న పాఠం ఇంతే: రేడియో ఎంత అరిచినా, తంతి ఎంత టకటకలాడినా, కుర్చీలో కూర్చున్నవాడికి అందేవి ఎవరో చప్పరించి వదిలిన మాటలు. లేచి వెళ్ళండి. తరవాత కావాలంటే దోమల్ని పిచ్చుకలు చేసుకోండి, దాని వల్ల ఎవరి నారూ చావదు.

కొన్ని నెలలు గడిచాయి. ఒక పొద్దున ఉల్లిపాలెం దాటాక కాలువలో పోతున్నాను. ఆ వారం ఒక లంక ఊరి వంతు. దొరగారు రాలేదని చూడాలి. వెనక నుంచి పెద్ద పడవ వస్తున్న చప్పుడైంది. తెరచాప ఎత్తి, గట్టు మీద మనుషులు తాడు పట్టి లాగుతుంటే, దొరగారి పడవ మా పక్కకి వచ్చింది. కిటికీలోంచి షిరస్తాదారు గారి తలపాగా కనబడింది. ఆయన నన్ను చూశారు. నేను ఏ ఊరికి పోతున్నానో ఆయనకి తెలుసు. వాళ్ళు ఏ ఊరికి పోతున్నారో నాకూ తెలిసింది. నాకంటే ముందు చేరాలని ఆయన గట్టు మీది మనుషుల్ని తొందరపెట్టడం మొదలెట్టారు.

మా సరంగుకి పౌరుషం వచ్చింది. గెడ గట్టిగా పట్టుకుని నా వైపు తిరిగాడు.

"అయ్యా, మనం ముందెళ్ళిపోదామా? వాళ్ళది బరువు పడవ, మనల్ని అందుకోలేరు."

"వద్దురా," అన్నాను. "నింపాదిగా పోనీ. ఆయన్నే ముందెళ్ళనీ."